మార్ఫిన్ కోసం అనంతగిరి పెళ్లికి

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, నర్సు చేతికి సూదిని అప్పగించిన ప్రభుత్వం ఇవాళో రేపో మందులు రాసే కలం కూడా అప్పగిస్తుందని నమ్మేదాన్ని. నయంకాని జబ్బులున్నవాళ్ల ఇళ్లకు వెళ్లి నొప్పి తగ్గేలా చూడటం నా పని. తాండూరు దగ్గరి పల్లెలో, నాపరాళ్ల గనిలో పనిచేసి మంచాన పడ్డ తాత ఒకాయన ఉండేవాడు. క్యాన్సరు వెన్నులోకి పాకింది. నన్ను 'డాక్టరమ్మా' అనేవాడు (వద్దని చెప్పేదాన్ని, మరీ గట్టిగా కాదు).

ఒక పొద్దున వెళ్లేసరికి మార్ఫిన్ మాత్రలు అయిపోయి, పళ్లు బిగబట్టుకుని పడున్నాడు. "గింత సదువు సదివినవు, నువ్వే రాసియ్యరాదు బిడ్డా?" అన్నాడు. "రాసే హక్కు నాకు లేదు తాతా. గా మందు డాక్టరే రాయాలంటది చట్టం." "చట్టానికి నడుము నొయ్యదా?" అని నవ్వబోయి మూలిగాడు.

మా డాక్టరుగారికి ఫోన్ చేస్తే మేనకోడలి పెళ్లని అనంతగిరిలో ఉన్నారు. "దవాఖానల నేను ఇయ్యమన్ననని చెప్పు" అన్నారు. రైలెక్కి వికారాబాద్ వెళ్తే, ఆసుపత్రి మందుల గదిలోని అన్న తల అడ్డంగా ఊపాడు. "నోటిమాట మీద గా మందు ఇస్తే నా నౌకరి పోతదక్కా." ఆటో పట్టుకుని అనంతగిరి గుట్టెక్కాను. పెళ్లిపందిట్లో యూనిఫాం చూసి "ఎవరికేమైంది?" అని జనం లేచి నిలబడ్డారు. పెళ్లికూతురి అమ్మమ్మ గుండె పట్టుకుని కూలబడింది. ఆమె బీపీ చూస్తుంటే పక్కనున్నవాళ్లంతా "జర నాకు గూడ" అని చేతులు చాపారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. చివరికి డాక్టరుగారు పట్టుపంచె సర్దుకుంటూ వచ్చి, తాంబూలం పళ్లెం బోర్లించి దానిమీద చిట్టీ రాసి సంతకం పెట్టారు.

ఆ చిట్టీతో మాత్రలు తీసుకుని తాత ఇంటికి తిరిగి చేరేసరికి పొద్దు వాలుతోంది. తాత మాత్ర మింగాడు. కాస్త నెమ్మదించాక, "పెండ్లిల ఏం పెట్టిన్రు?" అనడిగాడు. నేను మెతుకు ముట్టలేదు. అయినా బగారన్నం, గుత్తొంకాయ, బూరెలు అంటూ కల్పించి చెప్పాను. జిలేబీ దాకా వచ్చేసరికి నిద్రపోయాడు. "గిట్ల పండి ఎన్ని దినాలైందో" అని తాత భార్య కళ్లు తుడుచుకుంది.

తాత ఆ చలికాలం దాటలేదు. నేను పై చదువు చదివాను, పేరు పక్కన కొత్త అక్షరాలు చేరాయి, మార్ఫిన్ రాసే అధికారం మాత్రం రాలేదు. కొత్త నర్సులకు ఈ సంగతి చెబితే, పందిట్లో బీపీ దగ్గర పడిపడి నవ్వుతారు. నేనూ నవ్వుతాను. మొన్న ఒక పిల్ల మాత్రం నవ్వు ఆపి, "గా పొద్దంతా తాత ఎట్ల ఓర్చుకున్నడు మేడం?" అంది. నాకేం తెలుసమ్మా, నేను పెళ్లిలో ఉన్నాను అన్నాను, నవ్వు మొహం అలాగే పెట్టుకుని.