సగం విన్న సమాన కూలి

నర్సరీలో కూలీలందరి పొట్టమీద ఒక్క నోటితో కొట్టిన ఘనురాలిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి, నేనే.

అప్పుడు సత్తుపల్లి దగ్గర పామాయిల్ నర్సరీలో నేను సూపర్‌వైజర్‌ని. ఆడవాళ్లూ మగవాళ్లూ పక్కపక్కనే కూర్చుని మొక్కల సంచుల్లో మట్టి నింపేవారు. మట్టి అదే, సంచి అదే, నడుం నొప్పీ అదే. శనివారం డబ్బులిచ్చేటప్పుడు మాత్రం మగ కూలి వేరు, ఆడ కూలి వేరు. ఎండాకాలంలా అదీ దానంతటదే వస్తుందనుకుని ఎవరూ అడిగేవారు కాదు. ఒకరోజు మండలంలో ఒక లాయరమ్మ మీటింగ్ పెడితే వెళ్లాను. ఒకే పనికి ఒకే కూలి ఇవ్వాలని చట్టమే ఉందట! ఇంకేముంది, నాకు పూనకం వచ్చింది.

మర్నాడే యజమాని రత్నం మామను నిలదీశాను. మా చర్చి పెద్ద కూడా ఆయనే.

"మామా, ఆడోళ్లకు, మగోళ్లకు ఒకటే కూలి ఇయ్యాలె. చట్టం!"

కోప్పడతాడనుకున్నాను. చల్లగా నవ్వాడు.

"అవ్ బిడ్డా, చట్టం కాదంటనా? ఈ శనివారం నుంచే ఒకటే కూలి."

సంచులు నింపే నాగమ్మ తన కొప్పులో పూలు తీసి నా తలలో పెట్టింది. శనివారం రానే వచ్చింది. మామ మాట తప్పలేదు. మగవాళ్ల కూలిని ఆడ కూలికి దించేశాడు!

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా చదువుకు మగవాళ్ల కూలి పోయింది. ముందుగా నామీదికి లేచిందెవరనుకున్నారు? అక్కడే సంచులు నింపే మా ఆయన ఏసుదాసు.

"నిన్నెవరడిగిండ్రే? మా కూలి మీద నీ కన్నేంది?"

"నేను గట్ల చెప్పలేదయ్యా!"

"ఒకటే చెయ్యమన్నవా, లేదా?"

"అన్న గానీ..."

"ఏం గానీ? చేసిండు!"

సోమవారం మగవాళ్లు పనికి రాలేదు. సగంమంది లేరని మామ పని ఆపేస్తే ఆడవాళ్లకూ పని లేకుండా పోయింది.

"అక్కా, ఎక్కువొద్దు. పాతదే ఇప్పియ్యి. ఇంట్ల బియ్యం నిండుకున్నయ్" అంది నాగమ్మ.

పరుగున లాయరమ్మ దగ్గరికి వెళ్లాను.

"ఒకరి కూలి తగ్గించి సమానం చెయ్యొద్దు, తక్కువున్నోళ్లకే పెంచాలె. అన్నీ చెప్పిన గదమ్మా! నువ్వు యాడున్నవ్?"

ఎక్కడుంటాను? బిర్యానీ పొట్లాల లైన్లో, అందరికంటే ముందు.

ఆమె ఫోన్‌లో నాలుగు ముక్కలు చెప్పేసరికి మామ దిగొచ్చాడు. మగవాళ్ల కూలి తిరిగొచ్చింది, ఆడవాళ్ల కూలి దాని పక్కకు ఎక్కింది. హమ్మయ్య అనుకుని కూర్చున్నానో లేదో, నాగమ్మ మళ్లీ వచ్చింది.

"అక్కా, మరి పొద్దటి పని నువ్వు చూస్తవ్, మాపటి పని అబ్రాము చూస్తడు. మీ ఇద్దరికీ ఒకటే జీతమా?"

లోకమంతటికీ చట్టం పంచినదాన్ని, నా జీతం సంగతి నేనే అడగలేదు! మళ్లీ మామ దగ్గరికే వెళ్లాను.

"గిది గూడ చట్టంల ఉన్నదా?" అని మూలిగాడు.

"ఉన్నది మామా. గది బిర్యానీకి ముందే చెప్పిండ్రు."

ఇదిగో, మీ అందరి ముందూ ఒట్టు పెడుతున్నాను: ఇక మీదట ఏ చట్టం వినడానికి వెళ్లినా ఇంట్లో కడుపునిండా తినే వెళ్తాను.