దొరసానికి పుర్సతున్నదా

తినే జొన్నరొట్టె మీద ఒట్టు, తోలిన ఎడ్ల మీద ఒట్టు, ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నన్ను కోతలరాయుడనేవాళ్లు మా ఊళ్లో చాలామందే ఉన్నారు. వాళ్ల మాట పట్టించుకోకండి. వాళ్లలో ఒక్కడికైనా ఫిన్లాండు భాష వచ్చా? నాకు వచ్చు. వచ్చు అంటే, ఒకే ఒక్క సంగతి అడగడం వచ్చు. ఆ ఒక్కటీ అయిదు రకాలుగా అడగగలను.

అవి దొరల మీదికి సంఘం లేచిన రోజులు. నా ఈడువాళ్లు గుత్పకర్రలు పట్టుకుని తిరుగుతుంటే నేను ఎడ్లబండి తోలేవాణ్ణి. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు దిగిన మందుల పెట్టెలను రెండు కోసుల దూరంలో ఉన్న చిన్న దవాఖానకు చేర్చడం నా పని. దాన్ని నడిపేది ఫిన్లాండు అనే మంచుదేశం నుంచి వచ్చిన నర్సమ్మ. మావాళ్లు ఆమెనూ దొరసాని అనే పిలిచేవారు. గడీలో దొరసాని వెట్టి చేయించుకునేది, ఈ దొరసాని మా పుండ్లు కడిగేది. పిలుపు మాత్రం ఒక్కటే.

ఆమెకు తెలుగు వచ్చు. కాకపోతే ఎవరో కోస్తా పంతులు రాసిన పుస్తకంలోంచి వచ్చిన తెలుగు. ఒకనాడు వాకిట్లో కూర్చున్న ముసలమ్మను, "అమ్మా, మీకు తీరిక కలదా?" అని అడిగింది.

"కలనా? అచ్చింది బిడ్డా," అంది అవ్వ. "పాము ఎంటవడ్డట్టు అచ్చింది. గది మంచిదా, చెడ్డదా?"

నవ్వు ఆపుకోలేక నేను బండి చక్రం పట్టుకున్నాను. "గట్ల గాదు దొరసానమ్మా. పుర్సతున్నదా అవ్వా అనాలె," అన్నాను.

ఆమె పుస్తకం మూసి, పుర్సతును చీటీ మీద రాసుకుంది. బదులుగా తన భాషలో అదే మాట నేర్పింది: "ఒంకో సినుల్లా ఐకా?" ఒంకో అంటే ఉన్నదా, సినుల్లా అంటే నీకాడ, ఐకా అంటే పుర్సతు. చివరి నుంచి మొదటికి తిరగేస్తే అచ్చంగా మన మాటే! ఆ ధైర్యంతో మిగతావీ పట్టాను. "ఒలెత్కో వపా" అంటే ఖాళీగున్నవా. "ఒలెత్కో కోతోనా" అంటే ఇంట్ల ఉన్నవా. ఇందులో కోతి లేదు. "ఒంకో సినుల్లా కీరే" అంటే తొందరల ఉన్నవా. "సోపీకో నుత్" అంటే ఇప్పుడు వీలయితదా. అవుననడానికి "క్యుల్లా", కాదనడానికి "ఎయ్". బండి మీద వీటినే వల్లించేవాణ్ణి. ఎడ్లు అన్నిటికీ తల ఊపేవి, "ఎయ్" అంటే మాత్రం ఆగిపోయేవి.

ఒక్కచోటే తగాదా వచ్చింది. మా దగ్గర మొదటిసారి వద్దనడం మర్యాద. బువ్వ తింటవా అంటే వద్దంటాం, మూడోసారి అడిగితే పీట మీద కూర్చుంటాం. అందుకని దొరసాని "ఎయ్" అన్నప్పుడల్లా నేను మళ్లీ అడిగేవాణ్ణి. ఒకసారి ఆమె చేతిలో కత్తెర కింద పెట్టి, "మా దేశంల ఒక్కసారే అడుగుతరు. లేదంటే లేదు. మల్ల మల్ల అడిగితే ఇల్లు కాలుతున్నదని అర్థం," అంది. ఆమె తెలుగు అప్పటికి బాగుపడింది, నా చలవే.

అంతలో మా బావ కాలికి తూటా తగిలింది. బావ అంటే మా అక్క మొగుడు, సంఘం మనిషి. మా కొట్టంలో గడ్డి వెనక దాచాం. మూడో రోజుకు కాలు నల్లబడింది, ఒళ్లు పెనంలా కాలింది.

"ఇయ్యాల దొరసాని రాకుంటే నీ బావ దక్కడు తమ్మీ," అంది అక్క.

బండి కట్టుకుని పోయాను. దవాఖాన వాకిట్లో జనగామ నుంచి వచ్చిన పోలీసు జమేదారు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయనకు ఉర్దూ వచ్చు, తెలుగూ వచ్చు. తూటా మాట చెవిన పడితే రోగి ఇంటికి దొరసాని కంటే ముందు ఆయనే పోతాడు. లోపల దొరసాని ఎవరికో కట్టు కడుతోంది. కిటికీ దగ్గర నిలబడి అడిగాను: "ఒంకో సినుల్లా ఐకా?"

ఆమె తల ఎత్తకుండానే గట్టిగా "ఎయ్!" అంది.

జమేదారు తుళ్లిపడి లేచాడు. దొరసాని తననే గద్దించిందనుకున్నాడు పాపం. టోపీ కూడా సర్దుకున్నాడు.

నా చదువు ఎంత చక్కనిదో అప్పుడు తెలిసింది. కాలు అనే మాట రాదు. జ్వరం రాదు. తూటా అసలే రాదు. పుర్సతు అడగడానికి అయిదు దారులున్నాయి, ఎందుకో చెప్పడానికి ఒక్కటీ లేదు. సరే, ఉన్నవాటినే వదిలాను.

"ఒలెత్కో వపా?"

"ఎయ్."

"ఒలెత్కో కోతోనా?" ఎదురుగా ఉన్న మనిషిని ఇంట్ల ఉన్నవా అంటే ఏమంటుంది? కట్టు ఆపి చూసింది. నేను ఆగలేదు: "ఒంకో సినుల్లా కీరే?"

"ఖీరా?" అన్నాడు జమేదారు. "ఖీరా కౌన్ మాంగ్రా రే?"

"కీరదోసకాయలు కావాల్నా అని అడుగుతున్న సర్కార్," అని చెప్పి, ఆఖరిది కూడా అడిగేశాను: "సోపీకో నుత్?"

దొరసాని నా మొహం చూసింది. ఇన్నిసార్లు అడిగినవాడి ఇల్లు కాలుతున్నట్టే. కత్తెర సంచిలో వేసుకుంటూ "క్యుల్లా" అంది.

"క్యా ఖుల్లా?" అన్నాడు జమేదారు.

"దవాఖాన ఎప్పుడు ఖుల్లానే, తలుపు తెరిచే ఉంటదంటున్నది సర్కార్. మా ఇంట్ల కాన్పు నొప్పులు. వస్తనంటున్నది."

కాన్పు అనగానే ఆయన దారి ఇచ్చాడు. దొరసాని తూటా తీసింది. బావ దక్కాడు, కుంటుతూనే ఇద్దరు బిడ్డల పెళ్లిళ్లు చేశాడు.

ఇక్కడితో ముగించేవాణ్ణే. కానీ రాసింది అక్కకు చదివి వినిపించాను. "అంత మంచిగనే రాసినవ్," అంది. "మరి నేనేడ వోయిన్రా?"

కాబట్టి ఒప్పుకుంటున్నాను. దొరసాని నిజం, ఆ మాటలు నిజం, కీరదోసకాయలూ నిజం. నేను కల్పించింది నన్నే. మొదటి "ఎయ్" దాకా అడిగింది నేను. జమేదారు లేవగానే నన్ను పట్టుకోవడానికే అనుకుని బండి చాటుకు ఉరికాను. బండిలో కూర్చున్న అక్క దిగింది. నేను ఎడ్ల దగ్గర వల్లించేవి విని విని ఆ మాటలు ఆమెకూ వచ్చాయి. మిగతా నాలుగూ అడిగింది ఆమె. కాన్పు అబద్ధం ఆడిందీ ఆమే.

ఇన్నేళ్లూ బావ మాత్రం, బామ్మర్ది వల్లనే బతికిన అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. అక్క పక్కనే కూర్చుని వడ్లు చెరుగుతూ ఉంటుంది. ఒక్కనాడూ కాదనలేదు.