బొట్టు పెట్టిన ఫ్లాపీ

నంద్యాలలో కంప్యూటర్ మీద మొట్టమొదట వేలు పెట్టినవాణ్ణి నేనే. ఫైలు తెరుచుకోకపోయినా, ప్రింటరు పిచ్చిగీతలు కొట్టినా కర్నూలు నుంచి నాకోసం జీపు వచ్చేది. చచ్చిపోయిన ఫ్లాపీని కడిగి, ఆరబెట్టి, పన్నెండు పేజీలూ బయటికి లాగిన మొనగాణ్ణి.

ముప్పై ఏళ్లుగా ఇదే చెప్పుకుంటూ వచ్చాను. కాగితం మీద పెట్టేసరికి చెయ్యి ఆడటం లేదు. జీపు ఏనాడూ రాలేదు. నాకంటే ముందు కనీసం ఇద్దరు ఆ మిషన్ మీద వేలు పెట్టారు. ఇక ఆ ఫ్లాపీ సంగతి.

డెబ్బైల్లో నేను ఆళ్లగడ్డ తాలూకా ఆఫీసు ముందర, రేకుల పంచన టైపు మిషన్ పెట్టుకొని అర్జీలు కొట్టేవాణ్ణి. ఏది కొట్టినా కింద కార్బన్ పెట్టి ఒక నకలు నా ఇనపపెట్టెలో వేసేవాణ్ణి. ఎన్నేళ్లకు వచ్చి "కాగితం పోయిందప్పా" అన్నా తీసి ఇచ్చేవాణ్ణి. ఇందులో మాత్రం కల్పన లేదు. ఎనభైల చివర నంద్యాలలో ఒక టైపు ఇన్‌స్టిట్యూటు ఆయన కంప్యూటర్ కొని, మూడు వారాలు నేర్పించి నన్ను దాని ముందు కూర్చోబెట్టాడు. ఆ రోజుతో కార్బన్ పెట్టడం మానేశాను. తెర మీది ఆ పచ్చటి అక్షరాల ముందు కార్బన్ కాగితం నాకు నామోషీ అనిపించింది.

అప్పుడు వచ్చాడు ఆ సారు. ఆళ్లగడ్డ మనిషి, క్రైస్తవుడు. శిరివెళ్ల దగ్గర ఒక పల్లెలో ప్రైవేటు బడి పంతులు. పరీక్ష రోజున బడికి రాకుండానే హాజరు వేసుకున్నాడని మేనేజ్‌మెంటు ఆయన్ను పక్కన పెట్టింది. ఆ పొద్దు ఆయన బడికి వచ్చి సంతకం చేశాకనే, మూర్ఛ వచ్చిన ఒక బడిపిల్లను ఎత్తుకొని నంద్యాల ఆసుపత్రికి పరిగెత్తాడు. గడువులోగా కర్నూలులోని విద్యాశాఖ ఆఫీసుకు జవాబు చేరకపోతే ఉద్యోగం పోయినట్టే.

నాలుగు ఆదివారాలు ప్రార్థన ముగించుకొని బస్సెక్కి వచ్చి చెప్పాడు, నేను ఇంగ్లీషులో కొట్టాను. ఏ గంటకు బయల్దేరాడు, ఏ బస్సు ఆపాడు, ఎవరు చూశారు, అన్నీ పాత పరీక్ష పేపర్ల వెనక చీటీలుగా రాసుకొచ్చాడు. పన్నెండు పేజీలయింది, అంతా ఒక ఫ్లాపీలోకి ఎక్కించాను. ప్రింటరు రిబ్బన్ అరిగిపోయి అక్షరం పడటం లేదు. దసరా పోయాక కొత్తది వస్తుంది, అప్పుడు కొడదామన్నాను.

"ఈ చీటీలు దాచిపెట్టేదా అప్పా?" అన్నాడు.

"ఇంగ అవెందుకు సారూ? చించి పారెయ్. దీంట్లో ఎక్కినాక నూరేండ్లుంటాది."

ఆయన మాటను మాటగా నమ్మే మనిషి. శుభ్రంగా చించి బుట్టలో వేశాడు.

ఆయుధపూజ నాడు ఇన్‌స్టిట్యూటంతా కడిగి, చెత్త తగలబెట్టాం. టైపు మిషన్లకు ఏటా గంధం, కుంకుమ పెడుతున్నాం, ఏ మిషనూ చెడిపోలేదు. కొత్తదానికి మాత్రం తక్కువ చేస్తామా? కంప్యూటర్‌కు పెట్టాను, ప్రింటర్‌కు పెట్టాను. ఫ్లాపీలను, కాగితం సంచులకు మరకలు కాకుండా బయటికి తీసి, పళ్లెంలో తమలపాకుల్లా పరిచి వరసగా చుక్కలు పెట్టుకుంటూ పోయాను. అట్టకు మధ్యన కోలగా ఒక కన్ను ఉంటుంది, లోపలి నల్లటి బిళ్ల అక్కడ కనిపిస్తుంది, దాన్ని తాకకూడదని మొదటిరోజే నేర్పించారు. సారు ఫ్లాపీకి బొట్టు సరిగ్గా ఆ కంటిలో పడింది.

పండగ పోయింది, కొత్త రిబ్బన్ వచ్చింది. గడువు ఆఖరి రోజు సారు మొదటి బస్సుకే వచ్చాడు. సాయంత్రం ఐదులోగా కాగితం కర్నూలులో ఉండాలి. ఫ్లాపీ పెట్టాను. కరకరమంది. తెర మీద ఇంగ్లీషులో ప్రశ్న వచ్చింది.

"ఏమంటాండాదప్పా?"

"సదవలేకుండానంటాండాది సారూ. మళ్లీ సూడమంటావా, వదిలెయ్యమంటావా అని అడుగుతాండాది."

"వదిలెయ్యొద్దను. మళ్లీ సూడమను."

మళ్లీ చూడమన్నాను. పది సార్లు, ఇరవై సార్లు. స్పిరిట్‌లో దూది ముంచి మిషన్ నోరు తుడిచాను, దూది ఎర్రగా వచ్చింది. ఫ్లాపీని ఎండలో పెట్టాను, ఊదాను, విదిలించాను. చివరికి ఏదో తెరుచుకుంది. ప్రింటర్ ఒకటిన్నర పేజీ చక్కగా కొట్టింది. తర్వాత సగం అక్షరాలు, నవ్వే మొహాలు, గీతలు. అంచుల్లో చిల్లులున్న ఆ కాగితం ఆగకుండా నేల మీదికి జారుతూనే ఉంది. సారు వంగి ఒక్కో మడత ఎత్తి చూస్తున్నాడు, తన మాట ఎక్కడైనా కనిపిస్తుందేమోనని. తర్వాత ఖాళీ బుట్టకేసి చూశాడు.

"కరెంటు దెబ్బ సారూ" అన్నాను. బొటనవేలికి అంటిన ఎర్రటి తడిని ప్యాంటుకు తుడుచుకున్నాను. ఆయన అది చూశాడు. అంతలో మా ఇంటిది అన్నం క్యారేజీ తెచ్చి పెట్టిపోయింది.

ఆయన బల్ల మీద కూర్చొని జ్ఞాపకం ఉన్నంత మేర చేత్తో నాలుగు పేజీలు రాసుకొని మధ్యాహ్నం బస్సెక్కాడు. గంటలు లేవు, చూసినవాళ్ల పేర్లు సగం లేవు. అది చాలదన్నారట. ఉద్యోగం తిరిగి రాలేదు. ఆళ్లగడ్డలో ఇంటి వసారాలో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ, అలాగే పోయాడు. ఆయన్ను మట్టి చేసిన నాడు నేను వెళ్లలేదు.

నిజం ఇంతే. పన్నెండు పేజీలు కాదు, ఒకటిన్నర. బొట్టు పెట్టింది నేను, నెపం వేసింది కరెంటు మీద.

ఇంతవరకూ రాసి, ఇన్నాళ్లకు మనసు తేలికైందనుకొని మా ఇంటిదానికి చదివి వినిపించాను. బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చెయ్యి ఆపలేదు.

"కరెంటని యాడ చెప్పినావు? క్యారేజీ తెచ్చి వాకిట్లో నిలబడుకోనుంటే, ఇదిగో నా పెండ్లామే సారూ, తెలీక కుంకం పెట్టింది అని నన్ను చూపించినావు. పూజ పొద్దు నేను నంద్యాలలోనే లేను, ఆళ్లగడ్డలో మా అమ్మ కాడ ఉన్యా. ఆయప్ప నా దిక్కు తిరిగి, పర్వాలేదులేమ్మా అని దండం పెట్టి పోయినాడు. అది రాయి."