పశ్మీనా లేబుల్

నేను మిషిగన్‌లో మాస్టర్స్ చదువుతున్న రోజుల మాట. డెట్రాయిట్ బస్ స్టేషన్‌లో నా పక్కన కూర్చున్న కాశ్మీరీ పెద్దాయన ఒళ్లో ఒక శాలువా ఉంది. దాని అంచున ఉన్న లేబుల్ చూపించాడు. చేత్తో వడికి, చేత్తో నేసిన పశ్మీనా మేక ఉన్ని అని పరీక్షించాకే అది ఇస్తారట.

"పొద్దున ఎగ్జిబిషన్‌లో ఒకడు దొంగ లేబుళ్లు అంటించి మిషన్ శాలువాలు అమ్ముతున్నాడమ్మా. కొనేవాళ్లకి చెప్పేశాను," అన్నాడు హిందీలో.

అంతలో ఆ అమ్మేవాడే లోపలికొచ్చాడు. పెద్దాయన్ని కాలర్ పట్టి కిందికి లాగి, ముఖం మీద తన్నాడు. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, "నావి ఒరిజినల్ అని చెప్పు," అంటూ ఆయన కుడిచేతిని బూటుతో తొక్కాడు. వేళ్లు విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

పెద్దాయన నోట్లోని రక్తం ఉమ్మి, "అవి మిషన్‌వే," అన్నాడు.

వాడు మళ్లీ తొక్కాడు. ఆయన మళ్లీ అదే అన్నాడు.

గార్డులు వాణ్ణి ఈడ్చుకెళ్లాక పోలీసు వచ్చి, ఎవరైనా చూశారా అని అడిగాడు. సాక్ష్యం చెబితే నా స్టూడెంట్ వీసాకి ఏమవుతుందోనని బ్యాగు తీసుకుని లేచాను. పెద్దాయన నా వైపు ఒకసారి చూశాడు.

"ఈ అమ్మాయి ఇప్పుడే వచ్చింది. ఏమీ చూడలేదు," అన్నాడు పోలీసుతో.

నేను కాదనలేదు.