చుట్టాలనుకుని చెప్పిన జవాబు

అరకు పైన మా కొండ మీద మా పెద్దమ్మ ముత్యాలమ్మ మాటకు విలువుండేది. కాఫీ కంపెనీ వచ్చి, బాగా పండిన కాఫీ పళ్ళే కోసి ఇస్తే ఏటేటా మంచి ధరకు కొంటామని, మీ పేదరికం పోగొడతామని చెప్పినప్పుడు, ఊరి ఆడవాళ్ళ చేత సంత షావుకారుకు అమ్మడం మాన్పించింది ఆవిడే. షావుకారు మూతి ముడుచుకుని మా దారి రావడం మానేశాడు. కొన్నేళ్ళు కంపెనీ మాట మీద నిలబడింది, కాదనను. పిల్లలు చెప్పులేసుకుని బడికి వెళ్ళారు.

నిరుడు వేసవిలో కంపెనీ మనిషి లక్ష్మీప్రసాద్ ఇద్దరు అమ్మాయిలను వెంటబెట్టుకుని వచ్చాడు. పెద్దమ్మ కోడిని కోసింది. తిన్నాక ముగ్గురూ ఇల్లిల్లూ తిరిగి, తిండికి లోటుందా, వానాకాలం పస్తులుంటారా అని అడిగారు. మా కొండ మీద ఇంటికొచ్చిన వాళ్ళ ముందు లేదనడం సిగ్గు. "సుట్టాల ముందు నేదనకండే, పరువు పోద్ది" అని పెద్దమ్మ ముందే అందరికీ చెప్పి ఉంచింది. పక్కింటి స్వర్ణ ఇంట్లో అప్పుడు మామిడి టెంకల అంబలి తప్ప ఏమీ లేదు. ఆమె కూడా నవ్వుతూ, ఏ లోటూ లేదంది.

ఈ ఏడు పళ్ళు కోసి, బస్తాలు రోడ్డు పక్కన పెట్టుకుని అందరూ కూర్చున్నారు. కంపెనీ లారీ రాలేదు. కోసిన రోజే తొక్క తీయాలి, ఆ యంత్రమేమో కంపెనీ దగ్గరుంది. మర్నాటికి బస్తాలు పులిసి కంపు కొట్టాయి. పెద్దమ్మ లక్ష్మీప్రసాద్‌కు ఫోన్ చేసింది.

"ఏటి బాబూ, లారీ రానేదు?"

"మీకు చెప్పలేదా అమ్మా? మీ ఊళ్ళో పేదరికం పోయిందని సర్వేలో తేలింది. ప్రాజెక్టు వేరే మండలానికి మార్చాం. మీరు సంతోషించాలి!"

పోయిందట! ఎవరింటికి పోయిందో మాత్రం చెప్పలేదు. ఇది రాస్తుంటే నాకు ఒళ్ళు మండుతోంది. మేం వెళ్ళిపోతున్నామని ఒక్క ముక్క చెప్పడానికి వాళ్ళకు నోరు రాలేదు. వాళ్ళ కాఫీ ప్యాకెట్ల మీద అచ్చేసిన ఫోటోలో మాత్రం పెద్దమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది.

పెద్దమ్మ ఫోన్ వదల్లేదు. "నువ్వు సుట్టానివనుకున్నాం బాబూ. మా కోడి తిని, మా మంచం మీద కూకుని అడిగితే నేదని ఎలా సెప్తాం? ఆపీసు పని మీద వచ్చానని ఒక్క మాటంటే మా ఆకలి సెప్పీవోళ్ళం కదా!"

అవతల ఫోన్ పెట్టేశారు. స్వర్ణ తన బస్తాను లోయలోకి కుమ్మరించింది.

"నువ్వు సెప్పమన్నట్టే సెప్పాను పిన్నీ" అని, పెద్దమ్మ మొహం చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.