మెట్ట మీద మొగలి వాసన

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. రాజమండ్రిలో డిగ్రీ పిల్లలకు బోటనీ చెబుతాను. కంటితో చూసి, చేత్తో పట్టుకున్నదే నాకు నిజం. ఇది చదివి ఎవరైనా నవ్వితే తప్పు పట్టను.

మొన్న మార్చిలో, మా కాలేజీలోనే పనిచేసే మేరీ సుజాత గారూ నేనూ కోరుకొండ అవతలి ఎర్రమట్టి మెట్టకు వెళ్లాం. వానాకాలంలో అక్కడ చూసిన మొక్కల్లో ఎండలకు ఏవి మిగిలాయో నమోదు చేయడం మా పని. బోదగడ్డి ఎండిపోయింది. తంగేడు, బలుసు, పరికి కంప తప్ప పచ్చగా ఏమీ లేదు.

నేను తాడుతో గళ్లు కట్టి గడ్డి జాతులు రాసుకుంటుంటే, తుప్పల అవతల చూసొస్తానని ఆవిడ వెళ్లారు. ఆవిడకు షుగరు. బ్యాగూ ఫోనూ నా దగ్గరే వదిలేశారు. ఎంతకీ రాలేదు. పిలిచాను, పలకలేదు. ఎటు చూసినా ఒకేలాంటి తుప్పలు. ఆవిడ బ్యాగు భుజాన వేసుకుని వెతకసాగాను. వాళ్లాయనకు ఏం చెప్పాలా అన్న ఆలోచన కూడా వచ్చేసింది.

అప్పుడు మొగలిపువ్వు వాసన వచ్చింది.

మొగలి నీటి పట్టున, కాలువ గట్ల మీద పెరుగుతుంది. ఆ మెట్ట మీద మాకెప్పుడూ కనపడలేదు. పైగా అది పూసే కాలమూ కాదు. అయినా వేరే దారి తోచక, వాసన ఎటు ఎక్కువైతే అటు నడిచాను.

తుప్పల చాటున గ్రావెల్ తవ్వి వదిలేసిన గొయ్యి. అందులో సుజాత గారు చెమటతో తడిసిపోయి పడి ఉన్నారు. పిలిస్తే కళ్లు తెరిచారు. షుగరు బాగా పడిపోయిందని అర్థమై, ఆవిడ బ్యాగులో ఉన్న గ్లూకోజు నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించాను. కాసేపటికి మాట వచ్చింది.

"ఇందాకటి నుంచీ నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు కదండీ, మధ్యలో ఎక్కడికెళ్లారు?" అన్నారు. "ఈ ఎండల్లో మొగలిపూలు ఎక్కడ దొరికాయండి మీకు?"

వాసన సంగతి నేనింకా ఆవిడతో అననే లేదు. అప్పటికే అది పోయింది కూడా.

ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని ఆసుపత్రిలో డాక్టరు గారు చెప్పారు. ఆవిడ లేచి కూర్చుని కాఫీ అడిగాక, వరండాలోకి వచ్చి తనివితీరా ఏడ్చాను.

ప్రభువే ఎవరినో పంపాడంటారు సుజాత గారు. నేను అంతమాట అనలేను. తర్వాత ఇద్దరం వెళ్లి మెట్టంతా తిరిగాం. మొగలి పొద ఒక్కటీ లేదు. ఆ వాసన ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు. తెలియలేదన్న దిగులూ లేదు. మనిషి దొరికింది.