బల్లకు దూరం, పిండికి దగ్గర

వారంలో ఆరు రోజులు లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడను సంఘంలో అందరూ రొట్టెలమ్మ అంటారు. నెలకోసారి చర్చిలో ప్రభువు పేరిట అందరూ రొట్టె విరిచి పంచుకునే బల్లారాధనకు పులియని రొట్టె చేసేది పద్దెనిమిదేళ్ళుగా ఆవిడే. పిండి తడిపి, తడిగుడ్డ కప్పి, నాననిచ్చి, సన్నసెగ మీద కాలుస్తుంది. నోట్లో వేసుకోగానే రొట్టె కరిగిపోతే, కరిగింది తమ గుండె అనుకుని కళ్ళొత్తుకునే పెద్దమనుషులు అక్కడ చాలామందే ఉన్నారు.

గొడవ ఉప్పు దగ్గర మొదలైంది. చర్చి మెట్ల మీద, పదిమందిలో, తోడికోడలు నోరు జారింది. "ఈసారి రొట్టె ఉప్పుకషాయమే అక్కా!"

"ఇన్నేళ్ళూ లేని ఉప్పు ఇవాళే తగిలిందా నీ నాలుక్కి?"

ఇద్దరూ సమానంగా అరుచుకున్నారు. చర్చి కమిటీ మాత్రం పెద్దకోడలైన రొట్టెలమ్మ ఒక్కతే క్షమాపణ చెప్పాలని, చెప్పేదాకా బల్లలో చెయ్యి వెయ్యకూడదని, ఆ రొట్టె ముట్టకూడదని తీర్మానించింది. చిన్నకోడలి మొగుడు కమిటీ సెక్రటరీ. పరిశుద్ధాత్మ నడిపింపులో ఇలాంటి సౌకర్యాలు ఉంటాయి.

తీర్మానం చదివి అతను గొంతు సవరించుకున్నాడు. "రొట్టె మాత్రం ఎప్పట్లాగే నువ్వే చెయ్యాలి వదినా."

"తినే నోటికి అంటిన పాపం, పిసికే చేతికి అంటలేదా మరిదిగారూ?"

"నీ చేతి రొట్టె మెత్తగా ఉంటుంది కదా!"

"అయితే ఆ తీర్మానం కాగితం నానబెట్టుకోండి. అదీ మెత్తబడుతుంది."

అనేసి వచ్చింది గానీ ఇంట్లో కాలు నిలవలేదు. మడతపెట్టిన బట్టలు ఊరందరి చేతికీ అందించే మనిషి ఆవిడ. ఆవిడ చేతిలో ఒకరు ఏదైనా పెట్టేది నెలకొక్కసారి, ఆ చిన్న రొట్టెముక్క.

ఆదివారం వచ్చింది. ప్రసంగం కాగానే, వెలిపడ్డవాళ్ళ పద్ధతి ప్రకారం ఆవిడ లేచి వెనక వరండాలో కూర్చుంది. లోపల పాస్టరుగారు, మనమంతా ఒకే రొట్టెలో పాలివాళ్ళమని గంభీరంగా చెప్పి, పళ్ళెం మీది గుడ్డ తీశారు. మొగుడి ఆజ్ఞ మీద చిన్నకోడలు చేసిన రొట్టె అది. పాస్టరుగారు విరవబోయారు. విరగలేదు. మోకాలి సాయం తీసుకోబోయి, సందర్భం గుర్తొచ్చి, బల్ల అంచుకు కొట్టారు. తర్వాత జరిగిన మౌనప్రార్థనలో రెండొందల దవడల చప్పుడు వరండాదాకా వినిపించింది.

కాసేపటికి చిన్నకోడలు బయటికొచ్చింది. గుప్పిట్లో తన వంతు ముక్క. రెండుగా విరవాలని చూసింది, కుదరలేదు. పంటితో కొరికి, సగం రొట్టెలమ్మ అరచేతిలో పెట్టింది.

"నా ఒక్కదాని పళ్ళే ఎందుకు ఊడాలి అక్కా? నువ్వూ తిను."

రొట్టెలమ్మ ఆ ముక్కను చాలాసేపు నమిలింది.

"పిండి నాననిచ్చావా?"

"లేదు."

"ఉప్పేదే?"

"వేస్తే నువ్వేమంటావోనని భయమేసింది."

రొట్టెలమ్మకు నవ్వొచ్చింది. నోటినిండా రొట్టె ఉండటంతో పొలమారింది కూడా. చిన్నది వీపు మీద చరిచింది, కావలసినదానికంటే కాస్త గట్టిగానే.

ఎవరూ క్షమాపణ చెప్పుకోలేదు. అందువల్ల, వరండాలో ఆ తినడం బల్లారాధన కిందికి వస్తుందా రాదా అని కమిటీ మూడుసార్లు సమావేశమైంది. ఇంకా తేల్చలేదు. ఈలోగా రొట్టె మళ్ళీ రొట్టెలమ్మే చేస్తోంది. ఉప్పు వేసేది మాత్రం చిన్నకోడలు.